రాతి గోడ, మట్టి కప్పు: మెట్టసీమ రైతు మిద్దె

“మేడలు, మిద్దెలు” అనే జంటపదం మన గోదావరి తీరంలో ఐశ్వర్యానికి గుర్తు. కలిగినవారిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు, “వారికేమి, మేడలున్నవి, మిద్దెలున్నవి” అంటాము. కాని కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల పల్లెలకు వెళితే ఈ అర్థం చెల్లదు. అక్కడ చదునైన కప్పు గల ప్రతి ఇల్లూ మిద్దెయే. దానికి పై అంతస్తు ఉండనక్కరలేదు. యజమాని ధనవంతుడై ఉండనక్కరలేదు. రెండెకరాల మెట్ట చేనును నమ్ముకున్న చిన్న రైతు కూడ తరతరాలుగా మిద్దెలోనే కాపురముంటూ వచ్చాడు. ఒకే మాటకు రెండు ప్రాంతాలలో రెండు అర్థాలు ఏర్పడటానికి కారణం భాషలో లేదు. అది నేలలో ఉన్నది, వానలో ఉన్నది.

రాయలసీమ మెట్ట పల్లెలలోని పాత రాతి మిద్దె ఎట్లు నిర్మింపబడినది, దానిలోని ప్రతి భాగం ఏ అవసరాన్ని తీర్చినది, అంత బలమైన గోడలు గల ఇల్లు నేడు ఏ కారణం చేత కూలిపోతున్నది అనే విషయాలను వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. డెల్టాలో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఇది దూరపు విషయంగా తోచవచ్చు. అందుచేత మన ఇంటి నుంచే ఆరంభిద్దాము.

మన ఇల్లు, వారి ఇల్లు

గోదావరి జిల్లాల మండువా లోగిలి మీకు సుపరిచితమే. ఇటుక గోడలు, ఎత్తైన అరుగులు, నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుటి కప్పు, నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన మండువా. ఇటుకకు కావలసిన మట్టిని గోదావరియే తెచ్చి పోసినది. దూలాలకు కావలసిన కలప భద్రాచలం మన్యం నుంచి తెప్పలుగా కట్టబడి ఆ నది మీదనే దిగివచ్చినది. సాలుకు సుమారు 1100 మిల్లీమీటర్ల వాన కురిసే చోట కప్పు వాలుగా ఉండక తప్పదు. వరద భయం ఉన్న చోట అరుగు ఎత్తుగా ఉండక తప్పదు. 1986 ఆగస్టు వరదలను చూచిన పెద్దలకు ఆ అరుగు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న కలుగుతుంది. మనకు రాయి లేదా? కొవ్వూరుకు పడమర పంగిడి, దుద్దుకూరు ప్రాంతమంతా నల్లరాతి నేలయే. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ కనుమల వైపు భూగర్భం నుంచి పొంగిన లావా, వందలాది మైళ్ళు ప్రవహించి ఇక్కడి వరకు వచ్చి గడ్డకట్టినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ధవళేశ్వరం కొండరాయితోనే 1847–1852 మధ్య కాటన్ దొర ఆనకట్టను నిర్మించాడు. రాయి ఇంత చేరువలో ఉన్నా మన పూర్వులు రాతి ఇళ్ళు కట్టుకోలేదు. పంగిడి నల్లరాయి మిక్కిలి కఠినమైనది. దానిలో పొరలు లేవు. సమ్మెటతో కొడితే ముక్కలవుతుంది గాని పలకగా లేవదు. రోడ్లకు, రైలు కట్టలకు, పునాదులకు అది శ్రేష్ఠమే. కాని సామాన్యుడు దానిని చెక్కించి గోడ లేపాలంటే ఇటుక కంటె ఎన్నో రెట్లు ఖర్చగును. కనుక రాయి దగ్గర ఉండటం వేరు. ఇంటికి ఒదిగే రాయి ఉండటం వేరు.

కర్నూలు, కడప సీమలకు ఆ ఒదిగే రాయి లభించినది. నేల మీద జీవరాశి అడుగుపెట్టక పూర్వమే అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని కాలక్రమాన శిల అయినది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించిన గ్రంథంలో ఈ కడప, కర్నూలు శిలాసముదాయాలను సవివరంగా వర్ణించాడు. జమ్మలమడుగు చేరువలోని నార్జి గ్రామం పేరు, కోయిలకుంట్ల పేరు నేటికీ ఆ సున్నపురాతి పొరలకు శాస్త్రనామాలుగా నిలిచి ఉన్నవి. బేతంచెర్ల నాపరాయి అని, కడప బండ అని మనం అంగడిలో కొనేది ఈ జాతి రాయియే. పొర దొరికిన చోట గడ్డపార దూర్చి ఎత్తితే పుస్తకంలో పుట విడినట్లు పలక విడివడుతుంది. అనంతపురం వైపు ఈ సున్నపురాయి అరుదు. అక్కడ గ్రానైటు బండలను మంటతో కాచియో, వరుసగా చీలలు దిగగొట్టియో పలకలుగా, కూసాలుగా చీల్చే విద్యను వడ్డెర పనివారు వంశపారంపర్యంగా కాపాడుకొన్నారు.

గోడ

పాత మిద్దె గోడ సాధారణంగా రెండడుగుల మందం, కొన్ని చోట్ల అంతకు మించి ఉంటుంది. ఇది ఒకే గోడ కాదు. నిజానికి రెండు గోడలు. వెలుపలి వైపు ఒక వరుస, లోపలి వైపు ఒక వరుస పెద్ద రాళ్ళు పేర్చి, నడుమ సందును చిన్న రాళ్ళతోను మెత్తని మట్టితోను నింపుతారు. ఈ రెండు వరుసలు విడిపోకుండ అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా వేస్తారు. ఆ అడ్డరాయి లేని గోడ కొన్ని సంవత్సరాలకు కడుపుబ్బి విచ్చుకుంటుంది. పని తెలిసిన మేస్త్రీ ఎవరో, తెలియనివాడెవరో ఈ ఒక్క రాయిని బట్టి చెప్పవచ్చును. సున్నము సంపన్నుల ఇళ్ళకే. సామాన్యుల గోడలలో రాళ్ళను పట్టి ఉంచినది మట్టియే.

ఈ మందం బలం కొరకు మాత్రమే కాదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండను అంత మందపు రాయి మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. మధ్యాహ్నపు వేడి గోడ లోపలి ముఖానికి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి ఇంటివారు పరుపులు చుట్టుకొని మిద్దె మీదికి చేరి ఉంటారు. పగలు లోపల, రాత్రి పైన: ఇది మిద్దె కాపురపు దినచర్య. ఎండిన మిరపకాయలకు, వేరుశెనగకు కూడ ఆ మిద్దె పైభాగమే కల్లము.

లోపలి అమరిక

మిద్దెను గదులతో గాక “అంకణాల”తో లెక్కించడం అక్కడి ఆచారం. రెండు దూలాల నడుమ ఉన్న జాగా ఒక అంకణం. మూడంకణాల ఇల్లు, ఐదంకణాల ఇల్లు అంటారు. అడవి నుంచి తెచ్చిన వేప, తుమ్మ, టేకు మాను ఎంత పొడవు బరువు మోయగలదో అంతే అంకణపు వెడల్పు. అనగా ఇంటి కొలతను నిర్ణయించినది మనిషి కోరిక కాదు, చెట్టు శక్తి. నెల్లూరు ప్రాంతంలో ఇళ్ళ స్థలాలను నేటికీ అంకణాలలోనే కొలుస్తారు. అక్కడ ఒక అంకణం 72 చదరపు అడుగులు. ఇంటి నిర్మాణంలోని మాట స్థలపు కొలతగా స్థిరపడినదన్నమాట.

వాకిలి దాటి లోనికి వెళ్ళగానే అనేక పాత ఇళ్ళలో మొదట కనిపించేది పశువుల గాడి. ఎద్దులు పల్లపు భాగంలోను, మనుషులు దానికి రెండు మూడడుగుల ఎత్తున కట్టిన బండపరుపు మీదను, ఒకే కప్పు కింద ఉండేవారు. నగరవాసులకు ఇది అనాగరికంగా తోచవచ్చు. కాని ఆ రైతుకు ఎద్దుల జత యావదాస్తి. దొంగభయం ఉన్న సీమలో, కరవు తరచుగా వచ్చే సీమలో, వాటిని వెలుపల విడిచి నిద్రించడం సాధ్యం కాదు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ కొండనేలల పాత రైతు గృహాలలో కూడ ఇదే ఏర్పాటు ఉన్నది. అక్కడ పొడవాటి ఒకే రాతి ఇంటిలో పల్లపు కొసన పశువులు, మిట్ట కొసన మనుషులు, నడుమ ఇరువురికీ ఒకే దారి. ఆ రైతు, మన రైతు ఒకరినొకరు ఎరుగరు. వారి నడుమ ఉన్న చుట్టరికం అవసరమే.

జొన్నలు నిలువ చేయుటకు ఇంటి ముందో, ఊరి నడుమనో నేలలో త్రవ్విన పాతరలు ఉండేవి. గాలి చొరకుండ మూసిన పాతరలో పురుగు బ్రతకలేదు. గింజ సంవత్సరాల తరబడి నిలిచేది. కరవు సంవత్సరంలో ఊరిని నిలబెట్టినది ఈ పాతరయే.

గోడలకు కిటికీలు దాదాపు ఉండవు. ఉన్నా అవి చిన్నవి. మరి వెలుతురు? దానికి కప్పులోనే ఒక రంధ్రం విడుస్తారు. దానిని గవాక్షి అంటారు, వాడుకలో గవాచి. పొయ్యి పొగ దాని గుండా పైకి పోతుంది, పగటి వెలుగు దాని గుండా క్రిందికి దిగుతుంది. వాన వచ్చినప్పుడు మిద్దె ఎక్కి ఒక బండతోనో, రేకుతోనో దానిని మూయాలి. మన మండువా వానను ఇంటి నడుమకు ఆహ్వానిస్తుంది. వారి గవాక్షి వెలుగును మాత్రమే రానిచ్చి, ఎండను, దొంగను, వానను వెలుపల నిలుపుతుంది. రెండూ ఆకాశానికి తెరచిన కన్నులే. ఆకాశం వేరు కనుక కన్ను పరిమాణం వేరైనది.

కప్పు: ఇంటి ప్రాణం

ఇంతవరకు చెప్పిన గోడ, గాడి, గవాక్షి అన్నిటికీ మించి మిద్దెలో అత్యంత నేర్పు గల భాగం కప్పు. స్తంభాలపై దూలాలు, దూలాలపై దంతెలు, దంతెలపై సన్నని కట్టెలు గాని నాపరాతి పలకలు గాని పరుస్తారు. వాటిపై కంప, ఆకు వేసి, తడిపిన మట్టిని త్రొక్కి చదును చేస్తారు. అన్నిటికీ పైన చవుడు మట్టి. ఆ మిద్దెకు చవుడు మిద్దె అనే పేరు దీనివలననే వచ్చినది.

చవుడు నేల రైతుకు శాపం. దానిలో పైరు మొలవదు, నీరు ఇంకదు. పొలంలో శాపమైన ఈ రెండు గుణాలే ఇంటి కప్పుపై వరములైనవి. ఇందలి రసాయన రహస్యం సులభమైనదే. చవుడులో సోడియం లవణాలు అధికం. తడి తగిలినప్పుడు సోడియం ప్రభావం చేత బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని ఉండక విడివిడిగా చెదరి, సన్నని రంధ్రాలన్నిటిలో కూరుకొనిపోతాయి. పై పొర ముద్దగా బిగిసి నీటిని క్రిందికి దిగనివ్వదు. మొలక రాదు కనుక వేళ్ళు కప్పును చీల్చవు. కొద్దిపాటి వాలుతో చుట్టూ పిట్టగోడ కట్టి, నీరు పోవుటకు రాతి దోనెలు అమరుస్తారు. అనంతపురంలో సాలుకు కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంటే మనకు కురిసేదానిలో సగం. అంత వానకు ఈ కప్పు చాలును. ఉత్తర ఇంగ్లండు కొండ పల్లెలలోను ఇంటిపై రాతి పలకలే పరుస్తారు. కాని అక్కడ వాన ఎడతెగనిది కనుక వాటిని వాలుగా పేర్చవలసి వచ్చినది.

అయితే ఈ కప్పు ఒకసారి వేసి మరచిపోదగినది కాదు. ఏటా తొలకరికి ముందు మిద్దె ఎక్కి, పగుళ్ళు చూచి, వదులైన పాత మట్టిని గోకి తీసివేసి, క్రొత్త చవుడు పరచి అదమాలి. దోనెలలోని చెత్త తీయాలి. దూలాలకు చెద పట్టినదేమో గమనించాలి. దోనె ఒకటి పూడిపోతే పిట్టగోడ నడుమ మిద్దె చెరువవుతుంది. అనగా రాతి గోడ తనంతట తాను నిలుస్తుంది. మట్టి కప్పు మాత్రం మనిషి చేతితోనే నిలుస్తుంది. మిద్దె అనేది కట్టి ముగించిన వస్తువు కాదు. ఏటేటా చెల్లించవలసిన బాధ్యత.

ఒక చిన్న లెక్క

ఈ బాధ్యతను మరచితే ఏమగునో లెక్క వేసి చూతము. పన్నెండడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిపై అడుగు మందాన మట్టి ఉన్నదనుకొందము. అది 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగు మట్టి సుమారు 45 కిలోలు తూగుతుంది. మొత్తం 5,400 కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యపు బస్తాలు 72. అంత బరువు కింద ఆ కుటుంబం ప్రతిరాత్రి నిద్రిస్తున్నది.

పాత మట్టిని తీయకుండ ఏటా అర అంగుళం చొప్పున క్రొత్త మట్టి మాత్రమే పోస్తూ వచ్చారనుకొందము. పది సంవత్సరాలకు ఐదు అంగుళాలు, అంటే మరి 30 బస్తాలు. ఇక ముసురు పట్టి మట్టి నానితే బరువు ఐదవ వంతు వరకు పెరుగవచ్చు. 72 బస్తాలకు ఉద్దేశించిన దూలం 120 బస్తాలను మోయవలసి వస్తుంది. ఈలోగా చెదపురుగు దూలం కొసను, గోడలో దాగి కంటికి కనబడని భాగాన్ని, తొలిచివేస్తూనే ఉంటుంది. మట్టి మిద్దె సాధారణంగా వాన కురుస్తున్నప్పుడో, వాన వెలిసిన మరునాడో కూలడానికి కారణం ఇదే.

ఇది ఊహ కాదు. 2024 జూన్ నెలాఖరున నంద్యాల జిల్లాలోని ఒక గ్రామంలో రాత్రివేళ మట్టి మిద్దె కూలి, నిద్రిస్తున్న ఒకే కుటుంబంలోని నలుగురు మరణించారు. వర్షాకాలంలో ఇట్టి వార్తలు రాయలసీమ పత్రికలలో మరల మరల కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఇళ్ళను కట్టిన వడ్డెర, వడ్రంగి పనివారి నేర్పులో లోపం లేదు. వలస పోయిన ఊరిలో మిద్దె ఎక్కేవారు లేరు. కూలి ధర పెరిగి, మంచి మాను కరవై, మరమ్మతు చేయించుకొనే శక్తి పేదకు లేకపోయినది. పాత మట్టిని తీసి క్రొత్తది వేయాలనే చిన్న తెలివిడి ఒక తరం నుంచి మరొక తరానికి అందకుండ జారిపోయినది.

రక్షణ అంటే ఏమి?

పాత ఇళ్ళను గూర్చి రెండు తీవ్రమైన అభిప్రాయాలు వినవస్తాయి. పాతదంతా పడగొట్టి సిమెంటు కాంక్రీటు పోయవలసినదే అని కొందరు; పాతదంతా పవిత్రం, ముట్టరాదు అని మరికొందరు. రాతి మిద్దె ఈ రెంటినీ ఖండిస్తున్నది. రెండడుగుల రాతి గోడను పడగొట్టి, దాని స్థానే తొమ్మిది అంగుళాల గోడ, పలుచని కాంక్రీటు కప్పు పెట్టుకొన్నవారు వేసవి మధ్యాహ్నం లోపల కూర్చోలేక చెట్టు నీడకు వస్తున్నారు. మరొక వైపు, చెదపట్టిన దూలాన్ని పురాతనమని పూజిస్తే ప్రాణాపాయం. గోడను నిలుపుకొని కప్పును మార్చుకోవడమే వివేకం. పై మట్టిని దించి, ఇనుప దూలాలపై నాపరాతి బండలు పరచి సున్నముతోనో సిమెంటుతోనో సందులు పూడ్చిన ఇళ్ళు ఆ సీమలో అనేకం ఉన్నవి. చల్లదనమూ దక్కినది, భయమూ తొలగినది.

ఈ మార్గాన్ని ప్రపంచానికి చాటినవారు ఇద్దరిని ఇక్కడ స్మరించుట ఉచితం. ఈజిప్టు దేశపు వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో లక్సర్ వద్ద న్యూ గుర్నా గ్రామాన్ని అక్కడి మట్టి ఇటుకలతో, అక్కడి పనివారి చేతులతో నిర్మింపజేశాడు. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్, 2007లో మరణించేవరకు, చేరువలో దొరికే వస్తువుతోనే ఇల్లు కట్టుకోవాలని ఆచరించి చూపాడు. వారు గ్రంథాలలో వ్రాసినది మన మెట్ట రైతుకు అనుభవంలో తెలుసు.

ఇల్లు మతాన్ని గాని కులాన్ని గాని బట్టి కాక నేలను బట్టి పుడుతుందనుటకు ఆ పల్లెలే సాక్ష్యం. రైతు ఇంటికి, పీర్ల చావిడికి, రచ్చబండకు అక్కడ రాయి ఒక్కటే, మేస్త్రీ ఒక్కడే. ఇంటి మాటలు కూడ అట్లే కలిసిపోయినవి. “పునాది” అనే మాటకు మూలం పారశీకంలోని బునియాద్. విల్లు అనే అర్థం గల పారశీక పదం మన “కమాను” అయినది. అరబ్బీ బుర్జ్ మన ఊరి “బురుజు” అయినది. దూలం, దంతె, గోడ, గడప అచ్చ తెలుగులు. ఈ మాటలన్నీ కలిస్తేనే ఒక ఇల్లు పూర్తి అవుతుంది. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఈ సంగతి ఎవరూ వేరుగా బోధించనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా! మన డెల్టాలోను లోగిళ్ళు వేగంగా అంతరిస్తున్నవి. సేవా పథకం శిబిరాలకు మెట్ట గ్రామాలకు వెళ్ళినప్పుడు ఒక్కొక్క జట్టు ఒక్కొక్క పాత ఇంటిని ఎన్నుకొనండి. టేపు పట్టి కొలవండి, పటం గీయండి. గోడ మందం ఎంత, మాను ఏ చెట్టుది, పెంకు ఎక్కడ కాల్చినది, వాన నీరు ఏ దారిన పోవునో వ్రాయండి. ఇంటి పెద్దలను అడిగి ప్రతి భాగానికీ వారు వాడే పేరు తెలుసుకొనండి. దూలం కొసను సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినచో ఆ ఇంటివారికి వెంటనే చెప్పండి. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని కాపాడవచ్చును. కళాశాల పెద్దలు ఈ పటాలను సేకరించి గ్రంథాలయంలో భద్రపరచినచో, పది సంవత్సరాలలో ఈ ప్రాంతపు గృహ నిర్మాణ చరిత్ర మన చేతికి వస్తుంది. దానికి పెద్ద నిధులు అవసరం లేదు. ఒక టేపు, ఒక నోటుపుస్తకం, పెద్దల మాట వినే ఓపిక చాలును.

రాయి వేల ఏండ్లు నిలుస్తుంది. ఆ రాతి మీద ఇంటిని నిలిపినది మాత్రం ఏటేటా తొలకరికి ముందు మిద్దె ఎక్కిన మనిషి.